హెస్టర్ గారి కాయా, అరవై ఒకటో కవరూ

“మెదళ్లు రెండు రకాలమ్మాయ్. చూసేవి కొన్ని, కనిపెట్టేవి కొన్ని. నాది మూడో రకం,” అన్నాడు డెల్మర్ క్వింబీ.

ఈ మాట అనేటప్పుడు అతను రెన్ క్రీక్ రెడ్‌వుడ్ పార్కు సందర్శకుల గదిలో, గోడకు నిలబెట్టిన వెయ్యేళ్ల నాటి చెట్టు అడ్డుకోత మీద మోచెయ్యి ఆనించి, గడ్డం కొంచెం పైకెత్తి, ఎక్కడో దూరంగా చూస్తున్నాడు. అక్కడ మరుగుదొడ్ల బోర్డు ఉంది.

మూడో రకం ఏం చేస్తుందని ఫీబీ అడగలేదు. ఆమె బల్లకింద మోకాళ్ల మీద పాకుతూ ఉంది. ఆమెను అలా ఒక నిమిషం పాటు నిశితంగా పరిశీలించి, డెల్మర్ తన మొదటి నిర్ధారణ ప్రకటించాడు.

“నువ్వు ఏదో పోగొట్టుకున్నావు.”

డెల్మర్ ముప్పై ఒక్కేళ్లు యురేకా ఊళ్లో బౌలింగ్ ఆట హాలులో బూట్లు అద్దెకిచ్చే కౌంటర్లో పనిచేశాడు. ‘కనిపెట్టేశాను’ అని పేరు పెట్టుకున్న ఊళ్లో అన్నేళ్లున్నా, అతను అక్కడ ఏదీ కనిపెట్టిన దాఖలా లేదు. బూట్ల సంగతి మాత్రం అతనికి నిజంగా తెలుసు. మనిషి తలుపు తోసుకుని లోపలికి వస్తుండగానే సైజు చెప్పేవాడు. రిటైరయ్యాక, ఇంత ప్రతిభ ఊరికే పోకూడదని పార్కులో వాలంటీరుగా చేరి, ఆకుపచ్చ చొక్కా మీద పేరు బిళ్ల తగిలించుకున్నాడు. బిళ్ల మీద పేరు కింద ‘వాలంటీర్’ అని ఉంటుంది. దాని కింద అతనే పెన్నుతో ‘మరియు పరిశోధకుడు’ అని రాసుకున్నాడు.

పార్కులో ప్రతి నడకకూ ఇద్దరు వాలంటీర్లుంటారు. ముందు నడుస్తూ చెట్ల కథ చెప్పేవాళ్లు తల. ఎవరూ వెనకబడిపోకుండా చివర నడిచేవాళ్లు తోక. డెల్మర్‌ను ఒకే ఒక్కసారి తలగా పంపారు. అతను అనుమానాస్పదమైన అడుగుజాడలు పట్టుకుని, పధ్నాలుగుమంది సందర్శకులను వెంటేసుకుని, సెప్టిక్ ట్యాంకు దగ్గర తేలాడు. ఆ జాడలు ట్యాంకు శుభ్రం చేసే మనిషివి. అప్పట్నుంచి డెల్మర్ శాశ్వతంగా తోక.

ఫీబీ పోగొట్టుకున్నది ఒక రెడ్‌వుడ్ కాయ.

చిన్న ఉసిరికాయంత ఉంటుంది. కిటికీలోంచి చూస్తే నేలమీద కనిపించేవి ఓ పదివేలు, అడవి మొత్తంలో ఎన్ని కోట్లో. వాటిలో ఒక్కటి పోయిందని ఓ మనిషి బల్లకింద పాకుతూ ఏడుపు ఆపుకోవడం మామూలుగా అయితే నవ్వొచ్చే సంగతే. కానీ అది హెస్టర్ గారి కాయ.

హెస్టర్ గారికి డెబ్భై ఎనిమిదేళ్లు. ముప్పై ఒక్కేళ్లుగా శనివారం పదింటి నడక ఆవిడదే. ‘పెద్దమ్మ’ అని పిలుచుకునే చెట్టు దగ్గర అందర్నీ నిలబెట్టి, మెడలు వెనక్కి వంచి కొమ్మలు ఎక్కడ మొదలయ్యాయో వెతుక్కోనిచ్చి, అప్పుడు చొక్కా జేబులోంచి కాయ తీసి, ఇంత పెద్దది ఇంత చిన్నదాంట్లోంచి వచ్చిందని చెబుతుంది. కాయ చేతులు మారుతూ వరసంతా తిరిగి, చివర తోక చేతికొచ్చి, అక్కణ్ణుంచి మళ్లీ హెస్టర్ గారి అరచేతిలోకి వస్తుంది. అది తిరిగొచ్చేదాకా ఆవిడ అడుగు కదపదు.

ఆ కాయ ఆవిడకు వాల్డో ఇచ్చాడు. అప్పట్లో వాల్డో ఇదే పార్కులో రేంజరు. పెద్దమ్మ చెట్టు కింద నిలబడి, కిందనుంచి ఓ కాయ తీసి ఆవిడ చేతిలో పెట్టి, నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు. ఆవిడ సరేనంది. పార్కులో పుల్ల తీసుకెళ్లినా నేరమే కాబట్టి వాల్డో వెంటనే పుస్తకం తీసి, తన పేరు మీద తనే చలానా రాసుకున్నాడు. అంత నిక్కచ్చి మనిషి. ఆయన పోయి ఆరేళ్లయింది. కాయ మాత్రం నలభై ఏడేళ్లుగా ఆవిడ బొటనవేలి కింద నలిగి, అంచులన్నీ అరిగి, చెక్కబొమ్మలా నున్నబడి మెరుస్తూ ఉంది.

వచ్చే శనివారం హెస్టర్ గారి ఆఖరి నడక. మోకాళ్లు ఇంక ఒప్పుకోవడం లేదు. తర్వాతి వారం నుంచి ఆ నడక ఫీబీది. అందుకని గురువారం పొద్దున ఆవిడ కాయను ఫీబీ చేతికిచ్చి, చూపించడం ఎలాగో సాధన చెయ్యమ్మా, చేతికి అలవాటు కావాలి అని చెప్పి, కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది.

ఫీబీ పదకొండున్నర దాకా సాధన చేసింది. అప్పుడు గది వెనక ట్రక్కు ఆగిన చప్పుడైంది.

ట్రక్కులో ఉన్నది గస్. కాలిబాటల మీద పడిన కొమ్మలు కోసి తీసే జట్టులో పనిచేస్తాడు. ఫీబీకి మొగుడై పదకొండు వారాలైంది. చలిగా ఉందని ఫ్లాస్కులో కాఫీ, కాగితంలో చుట్టిన సగం శాండ్‌విచ్ తెచ్చాడు. మిగతా సగం దారిలో తినేశానని ఒప్పుకున్నాడు. ఫీబీ కాయను కౌంటరు మీద పెట్టి, రెండు నిమిషాల్లో వచ్చేద్దామని బయటికి వెళ్లింది. పొగమంచు కొమ్మల మీంచి వానలా చుక్కలు చుక్కలుగా రాలుతోంది. గస్ గడ్డంలో రంపపు పొట్టు ఉంది. ఆ రెండు నిమిషాలు గోడ గడియారం లెక్కన పందొమ్మిది నిమిషాలు.

తిరిగొచ్చేసరికి కౌంటరు మీద కాయ లేదు.

ముందుగా ఆమె పశ్చాత్తాపం బుట్టలో చూసింది. అడవిలోంచి తెలిసో తెలియకో ఏవైనా తీసుకున్నవాళ్లు తిరిగి పడేసి వెళ్లడానికి గుమ్మం పక్కన ఆ బుట్ట ఉంటుంది. కొందరు ఊరికెళ్లాక పోస్టులో కూడా పంపిస్తారు. ఆ రోజు బుట్టలో ఐదు పచ్చి కాయలు, ఒక ఫెర్న్ ఆకు, ఒహాయో నుంచి వచ్చిన గులకరాయి ఉన్నాయి. రాయిని తీసుకెళ్లిన దగ్గర్నుంచీ తన నడుం పట్టేసిందనీ, దయచేసి దాన్ని వాగులో ఎడమవైపున పెట్టమనీ ఉత్తరం జతచేసి ఉంది. హెస్టర్ గారి కాయ లేదు.

డెల్మర్ వచ్చి తన మెదడు గురించి చెప్పింది సరిగ్గా అప్పుడే.

విషయమంతా విన్నాక అతను రెండు జేబులూ తడుముకుని పొద్దుతిరుగుడు గింజల పొట్లం తీశాడు. ఆలోచించేటప్పుడు అతనికి అవి కావాలి.

“ఇది మామూలు దొంగతనం కాదు. మనిషి మనసు తెలిసినవాడు చేసిన పని.”

“కాయే కదండీ, ఎవరైనా పొరపాటున తీసుండొచ్చు.”

“కోటి కాయలున్న అడవిలో ఒక్కటే పోయిందంటే, ఆ ఒక్కటే కావాలనుకున్నారన్నమాట. పొరపాటుకి ఇంత గురి ఉండదమ్మాయ్.”

ఇందులో ఎక్కడో తప్పుందని ఫీబీకి అనిపించింది కానీ, ఎక్కడో తేలలేదు.

డెల్మర్ చంకలో ఎప్పుడూ ఒక పాత బూట్ల పెట్టె ఉంటుంది. అందులో చిన్న చిన్న జిప్ కవర్లు, ఒక్కో కవర్లో ఒక్కో కాయ, ఒక్కోదానికి నంబరు, తేదీ, దొరికిన చోటు. పార్కులోంచి కాయలు దొంగతనంగా తరలించే ముఠా ఒకటుందని మూడు వారాలుగా అతను అనుమానిస్తున్నాడు. ఆ కేసులో ఇవి సాక్ష్యాలు. ఆ పెట్టెలో ఒకసారి చూద్దామా అని ఫీబీ అడిగితే అతను పెట్టెను ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

“ఒక కేసు సాక్ష్యాలను ఇంకో కేసులో కలపడం కొత్తవాళ్లు చేసే పని. అది ముఠా కేసు, ఇది వ్యక్తిగత కక్ష. రెండూ వేరువేరు.”

తర్వాత భూతద్దం తీసి నేలమీద వంగి, కౌంటరు ముందు ఒక బురద బూటు ముద్ర కనిపెట్టాడు. దాని పక్కనే రెండు పొద్దుతిరుగుడు గింజల పొట్టు పెంకులు కూడా దొరికాయి. స్కేలుతో కొలిచాడు, ఫోటో తీశాడు, కళ్లు మూసుకున్నాడు. ముప్పై ఒక్కేళ్ల అనుభవం అతని మొహంలో వెలిగింది.

“పదకొండో సైజు. మగవాడు. ఎడమ మడమ బయటి అంచు అరిగింది, అంటే కాలు ఈడుస్తాడు. కౌంటరు దగ్గర బరువంతా ముందుకు వేసి నిలబడ్డాడు, అంటే తనంత తెలివైనవాడు లేడనుకునే రకం. గింజలు తిని పొట్టు నేలమీద పారేస్తాడు, అంటే పెంపకం సరిగా లేదు. పట్టుకుంటే గుర్తుపట్టడం కష్టం కాదు,” అని నోట్లోని పొట్టు తీసి జేబులో వేసుకోబోయాడు. అందులో సగం కింద పడింది.

ఫీబీకి ఆ మాటల్లో ఒకటే వినిపించింది. పదకొండో సైజు. గస్‌ది పదకొండో సైజు.

సాయంత్రం హెస్టర్ గారికి చెప్పక తప్పలేదు. పదకొండు వారాల కొత్త పెళ్లికూతురు కాఫీ కోసం బయటికెళ్లి మీ నలభై ఏడేళ్ల కాయను పోగొట్టిందని చెప్పడానికి ఫీబీ చాలా రకాలుగా మాటలు కూర్చుకుంది. చివరికి కాయ పోయిందండీ అని మాత్రం అంది. ఆవిడ కోప్పడలేదు. అదే కష్టమైంది.

“గస్ వచ్చాడా,” అని అడిగింది ఆవిడ.

“వచ్చాడండీ.”

“అయితే ఎవరైనా వెళ్తారులే అమ్మా.” ఆవిడ చెయ్యి చొక్కా జేబులోకి వెళ్లి, ఖాళీగా ఉందని గుర్తొచ్చి బయటికొచ్చింది. కాసేపటికి మళ్లీ వెళ్లింది. శనివారం నువ్వే నడిపించు, వట్టి చేత్తో ఆ కథ చెప్పడం నావల్ల కాదు, నేను వచ్చి అందరికీ ఓ దండం పెట్టి వెళ్లిపోతాను అని చెప్పింది.

నేలమీద ఇన్ని ఉన్నాయి కదా, ఇంకోటి తెచ్చిస్తానని గస్ అన్నాడు. పార్కు ఉద్యోగి అయ్యుండి ఆ మాట ఎలా అన్నావని ఫీబీ కోప్పడింది. పైగా, కొత్త కాయ ఇస్తే ఆవిడ బొటనవేలు ఒక్క క్షణంలో చెప్పేస్తుందని ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం డెల్మర్ విచారణ జరిగింది. క్రిస్మస్‌కి మేజోళ్లు కొనిపెడదామనుకుంటున్నానని చెప్పి, మే నెలలో, తొమ్మిదిమంది వాలంటీర్ల దగ్గరా బూటు సైజులు సేకరించాడు. గస్‌ను ట్రక్కు దగ్గర ఆపి, గురువారం పదకొండూ నలభైకి ఎక్కడున్నావని అడిగాడు. గస్ మా ఆవిడతో ఉన్నానన్నాడు. ఏం చేస్తున్నావని అడిగాడు. గస్ మొహం ఎర్రబడింది. ‘సమాధానం చెప్పలేక తడబడ్డాడు’ అని డెల్మర్ పుస్తకంలో రాసుకుని, కింద రెండు గీతలు గీశాడు.

ఆ తర్వాత ఫీబీని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, నేరస్తుడు మనకు ఎంత దగ్గరివాడైనా నిజాన్ని ఎదుర్కోవాలని హితవు చెప్పాడు. తను నాతోనే ఉన్నాడండీ అని ఫీబీ అంటే జాలిగా తలూపాడు.

“ప్రతి భార్యా అదే చెబుతుందమ్మాయ్.”

ఫీబీ నమ్మలేదు. కానీ శనివారం పొద్దున గస్ వంటింట్లో పాన్‌కేకులు వేస్తుంటే, ఆమె గుమ్మం దగ్గర కూర్చుని అతని బూట్లు తిరగేసి చూసింది. కుడి మడమ అరిగి ఉంది. ఎడమది బాగానే ఉంది. తల ఎత్తేసరికి గస్ అట్లకాడ పట్టుకుని చూస్తున్నాడు.

“ఏం చూస్తున్నావ్?”

“బురద.”

గస్ పాన్‌కేకు తిరగేశాడు. “నేనే అయితే నీకు చెప్పే తీసేవాణ్ణి,” అన్నాడు.

ఫీబీ వెళ్లి వెనకనుంచి అతని వీపుకు నుదురు ఆనించి నిలబడింది. ఆ పాన్‌కేకు మాడింది. ఇద్దరూ సగం సగం తిన్నారు.

పదికి పది నిమిషాలుందనగా నడక మొదలయ్యే చోట పదహారుమంది సందర్శకులు పోగయ్యారు. పొగమంచు కొమ్మల్లో ఇంకా వేలాడుతోంది. హెస్టర్ గారు వాలంటీరు చొక్కా లేకుండా, నీలం కోటుతో వచ్చింది. జేబులేని కోటు. ఆవిడ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఫీబీ అటు చూడలేక బాట మొదట్లో మట్టి దులుపుకోవడానికి నేలకు బిగించిన బూట్ల బ్రష్షు దగ్గర తన బూట్లు రెండోసారి రుద్దుకుంది. రేంజరు అమరాల్ కూడా వీడ్కోలు చెప్పడానికి టోపీ సర్దుకుని నిలబడింది. అమరాల్ తక్కువ మాట్లాడే మనిషి.

హెస్టర్ గారు నోరు తెరవబోతుండగా డెల్మర్ ముందుకొచ్చాడు. చంకలో బూట్ల పెట్టె, చేతుల్లో వెడల్పాటి రేకు పళ్లెం. పళ్లెం నిండా తెల్లటి పిండి. వాలంటీర్ల వంటింట్లో మైదా లేకపోవడంతో పాన్‌కేకు పిండి పోసుకొచ్చాడు.

“ఎవరూ కదలకండి,” అన్నాడు. ఎవరూ కదలడం లేదు. “దోషి మన మధ్యే ఉన్నాడు.”

సందర్శకుల్లో ఒకావిడ ఇది కూడా నడకలో భాగమేనా అని పక్కాయన్ని అడిగింది. ఆయన కరపత్రం తిరగేసి, ఉండొచ్చు అన్నాడు.

డెల్మర్ పెట్టెను బెంచీ అంచున పెట్టి, పళ్లేన్ని నేలమీద పెట్టి, పదకొండో సైజు మొదలుకుని పెంపకం దాకా దోషి లక్షణాలన్నీ ఏకరువు పెట్టాడు. ఇప్పుడు ప్రతి ఒక్కరూ ఎడమ పాదం పిండిలో మోపాలి, తన దగ్గరున్న ఫోటోతో పోల్చి రెండు నిమిషాల్లో తేల్చేస్తానని చెప్పాడు. పాదం ఎలా మోపాలో అర్థం కాక సందర్శకులు మొహమొహాలు చూసుకుంటే, ఇలాగండీ, మడమ ముందు, తర్వాత వేళ్లు అని పళ్లెం ఎడమ మూల తనే మోపి చూపించాడు. చాలా శుభ్రంగా పడింది.

ఒక్కొక్కరే వచ్చారు. ఎవరికీ అభ్యంతరం లేదు. సెలవురోజున ఇంత శ్రద్ధగా తమ పాదాన్ని పట్టించుకున్నవాళ్లు వాళ్లకు ఎప్పుడూ తగల్లేదు. వాళ్లు మోపుతుంటే డెల్మర్ సైజు ముందే చెప్పేవాడు. ఎనిమిదిన్నర. ఆరు. పది, కానీ మీరు తొమ్మిదిన్నర కొంటున్నారు, అందుకే ఆ బొటనవేలు. ఆ మనిషి అదిరిపడి, నిజమేనన్నాడు. గుంపులో గౌరవం పెరిగింది. గస్ వంతు వచ్చినప్పుడు డెల్మర్ పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. పదకొండే. మడమ మాత్రం కలవలేదు. డెల్మర్ ఫోటోను తలకిందులు చేసి కూడా చూశాడు.

ఫీబీ ఊపిరి వదిలింది. వదిలాక సిగ్గేసింది.

అప్పుడు డెల్మర్ భూతద్దం పెట్టి పళ్లెం మొత్తం మొదట్నుంచీ పరీక్షించడం మొదలుపెట్టాడు. ఎడమ మూలకు రాగానే ఆగిపోయాడు. ఫోటో చూశాడు. పిండి చూశాడు. స్కేలు పెట్టాడు. లేచి నిలబడ్డాడు.

“దొరికాడు. పదకొండో సైజు. ఎడమ మడమ బయటి అంచు. వెంట్రుకవాసి తేడా లేదు. ఎవరిదిది?”

గుంపంతా పళ్లెం మీదికి వంగింది. కొమ్మల్లోంచి నీటిచుక్కలు రాలుతున్నాయి.

“దాక్కుని లాభం లేదు. ఈ ముద్ర వేసినవాడు మర్యాదగా ముందుకు రావాలి.”

కరపత్రం ఆయన గొంతు సవరించుకున్నాడు. “అది మీదేనండీ. ఎలా మోపాలో చూపించారు కదా.”

డెల్మర్ పళ్లేన్ని చూశాడు. తర్వాత, బహుశా రిటైరైన దగ్గర్నుంచి మొదటిసారి, తన బూట్లు చూసుకున్నాడు. ముప్పై ఒక్కేళ్లు కౌంటరు వెనక నిలబడ్డవాడికి కౌంటరు అవతలి బూట్లే కనిపిస్తాయి. అతని చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లి నాలుగు గింజలు తీసి నోట్లో వేసింది. అందరూ ఆ చేతినే చూస్తున్నారని గమనించి నమలడం ఆపేశాడు.

“అంటే,” అన్నాడు చివరికి, “దోషి నా బూట్లు వేసుకొచ్చాడన్నమాట.”

“గురువారం మీ బూట్లు ఎవరేసుకున్నారు?” అని అడిగింది రేంజరు అమరాల్.

“నేనే.”

ఈ జవాబు అతనికే నచ్చలేదు. ఇంకా లోతుగా ఆలోచించడానికి ఒకడుగు వెనక్కి వేశాడు. వెనక బూట్ల బ్రష్షుంది. దానికి మడమ తగిలి, బెంచీ పట్టుకోబోయి, బెంచీకి బదులు పెట్టె పట్టుకుని, పెట్టెతో సహా ఫెర్న్ పొదలో కూర్చున్నాడు. జిప్ కవర్లు బాటంతా చెల్లాచెదురయ్యాయి.

అమరాల్ వంగి ఒకటి తీసింది. ఇంకోటి తీసింది. పార్కులో రేంజర్లకు ఒక రకమైన మౌనం ఉంటుంది. అది మొదలైంది.

“ఎన్నున్నాయి ఇవి?”

“డెబ్భై రెండు,” అన్నాడు డెల్మర్ పొదలోంచి. “ముఠా కేసు. ఒక్కోటీ ఎక్కడ దొరికిందో రాసిపెట్టాను.”

“పార్కులోంచి డెబ్భై రెండు కాయలు పోగేసిన ముఠా.”

“అవును. దాని కోసమే వెతుకుతున్నాను.”

అమరాల్ కళ్లు మూసుకుని తెరిచింది. అన్నీ ఏరి, ఏది ఎక్కడిదో అక్కడే తిరిగి పెట్టి రావాలని చెప్పింది. ఫీబీ, గస్ కూడా వంగి కవర్లు ఏరడం మొదలుపెట్టారు. సందర్శకులూ వంగారు. చదివి ఇచ్చుకుంటున్నారు: వాగు వంతెన, ఉత్తరం వైపు. పెద్దమ్మ చెట్టు, మూడడుగుల దూరం. బెంచీ కింద, అనుమానాస్పదం.

ఫీబీ చేతికొచ్చిన కవరు మీద ఇలా ఉంది: ‘నంబరు 61. గురువారం, పదకొండూ నలభై. స్థలం: సందర్శకుల గది, కౌంటరు. దిక్కులేకుండా పడి ఉన్నది. ముఠా జారవిడిచినట్టుంది.’

ఆమె రెండోసారి చదవలేదు. కవరులోంచే అది మెరుస్తోంది. నడిచివెళ్లి హెస్టర్ గారి ముందు చెయ్యి చాపింది. ఆవిడ జిప్ తీయడానికి కాస్త తంటాలు పడింది. కాయను చూడలేదు. బొటనవేలితో ఒక్కసారి తడిమి, గుప్పిట మూసింది.

“వెచ్చగా ఉంది,” అంది. “మూడు రోజులూ ఇతని చంకలోనే ఉందా?”

పొదలోంచి లేస్తున్న డెల్మర్ ఒంటికంటుకున్న ఆకులు దులుపుకున్నాడు. మనిషి మొహంలో మొదట దిగ్భ్రాంతి, తర్వాత బాధ, ఆ తర్వాత నెమ్మదిగా గర్వం కనిపించాయి.

“గమనించారా. ఫిర్యాదు అందకముందే నేను సొత్తు స్వాధీనం చేసుకున్నాను.”

“ఏమయ్యా డెల్మర్,” అంది హెస్టర్ గారు, “రెండు కేసులూ ఒకే పెట్టెలో ఉంటే, ఒక్కసారి మూత తీసి చూడొద్దూ.”

“పద్ధతి ఒప్పుకోదండీ.”

రేంజరు అమరాల్ ఇబ్బందిగా కదిలింది. చట్టం ప్రకారం చూస్తే హెస్టర్ గారి కాయ కూడా పార్కు సొత్తేనని, అందరి ముందూ డెబ్భై ఒకటి తిరిగి పెట్టించి ఒక్కటి వదిలేస్తే బాగుండదని, చాలా మర్యాదగా, టోపీ తీసి మరీ చెప్పింది. హెస్టర్ గారు చేతిసంచి తెరిచి, పసుపు రంగుకు తిరిగిన కాగితం ఒకటి మడత విప్పింది. వాల్డో రాసుకున్న చలానా. నేరం: ఒక కాయ. నేరస్తుడి పేరు, రాసిన రేంజరు పేరు ఒకటే. కారణం అన్న చోట నిక్కచ్చి దస్తూరీతో ఇలా ఉంది: ‘ఆ సమయానికి చేతిలో ఉంగరం లేదు.’

అమరాల్ రెండుసార్లు చదివి, మడతలు చెదరకుండా తిరిగిచ్చింది. “లెక్క సరిపోయింది,” అని టోపీ పెట్టుకుని, ఎందుకో చెట్లవైపు తిరిగింది.

హెస్టర్ గారు నీలం కోటు విప్పి ఫీబీకిచ్చి, ఫీబీ పైన వేసుకున్న వాలంటీరు చొక్కా అడిగి తొడుక్కుంది. ఆవిడకు అది వదులైంది. కాయను జేబులో వేసుకుని, రండి, పదీ నలభై అయింది, పెద్దమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది అంది.

ఆ నడక చాలా మెల్లగా సాగింది. మోకాళ్ల కోసం ఎనిమిదిసార్లు ఆగారు. ఆగిన ప్రతిచోటా ఆవిడ ఏదో ఒకటి చూపించింది. ఒకచోట పచ్చటి నత్త ఒకటి బాట దాటుతుంటే అది దాటేదాకా పదహారుమందినీ నిలబెట్టింది. ఫీబీ ఆవిడ పక్కనే నడిచింది. గస్‌కి ఆ రోజు అక్కడ పనేమీ లేకపోయినా, దారిలో కొమ్మలేవైనా అడ్డుంటాయేమోనని ముందు ముందు నడిచాడు. కొమ్మలేవీ లేవు. తోకగా డెల్మర్, చంకలో పెట్టెతో.

పెద్దమ్మ దగ్గర హెస్టర్ గారు కథంతా చెప్పింది, చలానాతో సహా. కాయ చేతులు మారింది. కరపత్రం ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఏం వినిపించిందో చెప్పలేదు. పదహారు చేతులూ తిరిగి అది చివరికి డెల్మర్ చేతికొచ్చింది.

అందరూ వెనక్కి తిరిగారు.

డెల్మర్ కాయను పైకెత్తి వెలుతురులో చూశాడు. ఎడమ చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి, కొత్త జిప్ కవరు ఒకటి తీసింది.

“డెల్మర్,” అంది హెస్టర్ గారు.

అతను కవరు వైపు ఓ క్షణం చూసి, మడిచి లోపల పెట్టుకుని, నడిచొచ్చి కాయను ఆవిడ అరచేతిలో పెట్టాడు. తర్వాత పుస్తకం తీశాడు. స్వాధీనం చేసుకున్న సొత్తును తిరిగి అప్పగించినట్టు సంతకం కావాలన్నాడు. సంతకం లేకపోతే కేసు మూయడం కుదరదట. ‘నంబరు 61, ఒక కాయ, హక్కుదారుకు అప్పగించడమైనది’ అని రాసి, కింద గీత గీసి, పుస్తకమూ పెన్నూ అందించాడు.

హెస్టర్ గారు పుస్తకాన్ని పెద్దమ్మ బెరడుకు ఆనించి, తీరిగ్గా రాసింది. పెన్ను మూత పెట్టింది. పుస్తకం తిరిగిచ్చి, ఫీబీ చెయ్యి పట్టుకుని, వేళ్లు విప్పి, కాయ పెట్టి, వేళ్లు మూసింది.

డెల్మర్ సంతకం వైపు చూశాడు. భూతద్దం తీసి చూశాడు. పుస్తకం కాస్త దూరంగా పెట్టి చూశాడు.

“హెస్టర్ గారూ,” అన్నాడు, “ఇది మీ పేరు కాదు. ఫీబీ పేరు.”

ఆ మూడు రోజుల్లో, బూట్ల సైజులు కాక, డెల్మర్ క్వింబీ సరిగ్గా కనిపెట్టిన మొదటి సంగతి అదే.